ఇన్సులిన్ లాంటి పెద్ద మందుని నోటి ద్వారా ఇవ్వాలంటే ఏ జిగురు పాలిమర్ ఎంచుకోవాలి?

"మేడమ్, అన్నిటికంటే బాగా అంటుకునే పాలిమర్ ఏది?"

ఎం.ఫార్మసీ ప్రాజెక్టు మొదలుపెట్టే పిల్లలు ఏటా నన్ను అడిగే మొదటి ప్రశ్న ఇది. నేను వెంటనే జవాబు చెప్పను. తిరిగి రెండు ప్రశ్నలు వేస్తాను. ఎక్కడ అంటుకోవాలి: బుగ్గ లోపలా, పొట్టలోనా, చిన్న పేగులోనా? ఆ చోట నీ మందు మీద ఏ చార్జ్ ఉంటుంది? ఈ రెండూ తేల్చుకోకుండా పాలిమర్ ఆర్డర్ పెట్టేసినవాళ్లు ఆరు నెలలు పోగొట్టుకోవడం కళ్లారా చూశాను.

ఒకమ్మాయి సంగతి చెప్తాను. గ్లూటరాల్డిహైడ్ అనే రసాయనంతో బిగించిన కైటోసాన్ (రొయ్య పెంకుల నుంచి తీసే పాలిమర్) పూసలు చేసింది. మందు ఇంకా కలపలేదు, ఖాళీ పూసలే. పొద్దున్నే మటన్ కొట్టుకి వెళ్లి అప్పుడే తీసిన మేక పేగు తెచ్చింది. దాన్ని చీల్చి, లోపలి వైపు పైకి వచ్చేలా గాజు పలక మీద పరిచి దారంతో కట్టింది. ఆ తడి మీద యాభై పూసలు పేర్చి, పలకని డిసింటిగ్రేషన్ మెషీన్‌కి (ట్యాబ్లెట్లు ఎంతసేపట్లో విడిపోతాయో చూసేది) వేలాడదీసింది. మెషీన్ పైకీ కిందకీ ఊపుతుంటే ఎన్ని పూసలు నిలిచాయో లెక్కపెట్టాలి. దీన్నే మేం వాష్-ఆఫ్ టెస్ట్ అంటాం. పొట్టలోలాంటి పీహెచ్ 1.2 ఆమ్లంలో గంట గడిచినా చాలా పూసలు కదల్లేదు. పిల్ల సంబరపడిపోయింది. అదే టెస్ట్ పీహెచ్ 6.8 బఫర్‌లో పెట్టాం. పావుగంట తిరక్కుండానే సగానికి పైగా బీకర్ అడుగుకి చేరాయి. ఆమె మందు పీల్చుకోవాల్సింది చిన్న పేగులో. అక్కడుండేది ఈ రెండో పీహెచ్చే.

పాలిమర్‌లో తప్పేం లేదు. చోటు చూసుకోకుండా ఎంచుకోవడమే తప్పు.

అంటుకునేది దేనికి?

పేగు గోడ మీదుండే శ్లేష్మం, ల్యాబ్‌లో మేం మ్యూకస్ అనేది, దాదాపు 95 శాతం నీళ్లే. మిగతాదాంట్లో ముఖ్యమైనది మ్యూసిన్. చక్కెర గొలుసులు ఒళ్లంతా మొలిచిన పొడవాటి ప్రొటీన్ అది. ఆ గొలుసుల చివర సయాలిక్ ఆమ్లం, సల్ఫేట్ గుంపులు ఉంటాయి కాబట్టి మొత్తం మీద నెగటివ్ చార్జ్. మధ్యమధ్యలో సిస్టీన్ (గంధకం ఉన్న అమైనో ఆమ్లం) ఎక్కువగా ఉన్న భాగాలు ఒకదానితో ఒకటి డైసల్ఫైడ్ బంధాలతో, అంటే రెండు గంధకం పరమాణువుల ముడులతో, కలిసి ఉంటాయి.

అంటే పాలిమర్‌కి అక్కడ మూడు పట్లు దొరుకుతాయి. పాజిటివ్ చార్జ్‌తో నెగటివ్‌ని పట్టుకోవడం ఒకటి, ఇది కైటోసాన్ దారి. హైడ్రోజన్ బంధాలు వేసుకుంటూ గొలుసుల మధ్యకి చొచ్చుకుపోవడం రెండోది, ఇది కార్బోమర్ దారి. సిస్టీన్‌తో నేరుగా డైసల్ఫైడ్ ముడి వేసుకోవడం మూడోది, అది థయోమర్ల దారి. ఎంపికంతా ఈ మూడింటి మధ్యే తిరుగుతుంది.

ఒక్క చిక్కుంది. మ్యూకస్ ఒకచోట నిలిచి ఉండదు. కింద నుంచి కొత్తది ఊరుతూ పైది కొట్టుకుపోతూ ఉంటుంది. ఎలుక పేగులో ఈ పొర మారడానికి 47 నుంచి 270 నిమిషాలు పడుతుందని 1991లోనే కొలిచారు. బస్సులో సీటుని ఎంత గట్టిగా పట్టుకున్నా బస్సుతోపాటే మనమూ పోతాం కదా, ఇదీ అంతే. కాబట్టి చిన్న పేగులో రోజంతా అంటిపెట్టుకునే పాలిమర్ కోసం వెతక్కండి. మీకు కావాల్సింది ఒకటి రెండు గంటలు. ఆ లోపల మందు బయటికొచ్చి గోడ దాటాలి.

అసలు మీకు జిగురు అవసరమా?

ఇది నిజాయితీగా ముందే చెప్పాలి. నోటి ద్వారా ఇచ్చే పెప్టైడ్ (పొట్టి ప్రొటీన్) మందుల్లో పేరు మోసిన రైబెల్సస్ సంగతి చూడండి. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీనికి 2019 సెప్టెంబర్‌లో అనుమతిచ్చింది. అందులో సెమాగ్లుటైడ్ అనే షుగర్ మందుని గోడ దాటిస్తున్నది జిగురు పాలిమర్ కాదు. ట్యాబ్లెట్‌కి 300 మిల్లీగ్రాముల ఎస్‌నాక్ అనే చిన్న అణువు. అది ట్యాబ్లెట్ చుట్టూ ఆమ్లాన్ని తగ్గించి, పొట్ట గోడలోని కణాల గుండా మందుని పంపిస్తుంది. 2020లో వచ్చిన నోటి ఆక్ట్రియోటైడ్ క్యాప్సూల్, మైకాప్సా, సోడియం క్యాప్రిలేట్ మీద ఆధారపడింది. రెండూ గోడని దాటించే సహాయకాలే, అంటించేవి కావు.

అంత చేసినా సెమాగ్లుటైడ్‌లో రక్తంలోకి చేరేది దాదాపు ఒక శాతం, ఒక్కోసారి అంతకంటే తక్కువ. రోజుకి 14 మిల్లీగ్రాముల ట్యాబ్లెట్ అంటే వారానికి 98 మిల్లీగ్రాములు. ఇంజెక్షన్‌గా అయితే వారానికి ఒక మిల్లీగ్రాము డోసుతో నడిచిపోతుంది. పరగడుపున, 120 మిల్లీలీటర్లకి మించని నీళ్లతో వేసుకుని, అరగంట ఏమీ తినకూడదన్న నియమం కూడా ఆ కొద్ది శాతాన్ని కాపాడుకోవడానికే.

ఇన్సులిన్ దగ్గర ఈ లెక్క ఇంకా కష్టం. బెంగళూరు బయోకాన్ నోటి ఇన్సులిన్ ఐఎన్-105 మూడో దశ పరీక్షలో ప్రధాన లక్ష్యాన్ని అందుకోలేదని 2011లో తెలిసింది. ఇజ్రాయెల్ కంపెనీ ఒరామెడ్ క్యాప్సూల్‌కీ 2023 జనవరిలో అదే జరిగింది. నోవో నార్డిస్క్ ఐ338 రెండో దశలో చక్కెరని ఇంజెక్షన్‌తో సమానంగా తగ్గించింది. కానీ అంత డోసు పెట్టి అమ్మడం సాగదని ఆపేశారు. వీటిలో ఏదీ జిగురు పాలిమర్‌ని నమ్ముకున్నది కాదు. అయినా వీటినుంచి మనం తీసుకోవాల్సింది ఉంది. పెద్ద అణువుకి మూడు గండాలు: ఎంజైమ్‌లు, మ్యూకస్, కణాల గోడ. జిగురు పాలిమర్ మందుని గోడ దగ్గర కాసేపు నిలబెడుతుంది, అంతే. మిగతా రెండు గండాల్లో కూడా ఎంతో కొంత సాయపడే పాలిమర్ దొరికితేనే దాన్ని వాడటంలో అర్థం ఉంది. కింద ఒక్కోదాన్నీ నేను తూచేది ఈ తక్కెడతోనే.

కైటోసాన్, ట్రైమిథైల్ కైటోసాన్

కైటోసాన్ మనకి దగ్గరి సరుకు. రొయ్యల ఉత్పత్తిలో దేశంలో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. భీమవరం వైపు ప్రాసెసింగ్ ప్లాంట్లలో వలిచేసిన తలలు, పెంకులే దీనికి ముడిసరుకు అవుతాయి. పెంకుని ఆమ్లంతో కడిగితే సున్నం పోతుంది, పలచటి క్షారంతో కడిగితే ప్రొటీన్ పోతుంది, మిగిలిన కైటిన్‌ని చిక్కటి వేడి కాస్టిక్ సోడాలో ఉంచితే కైటోసాన్.

దీని బలం అంతా దాని అమైన్ గుంపుల్లో ఉంది. ఆమ్లంలో అవి పాజిటివ్ అవుతాయి, మ్యూసిన్‌ని పట్టుకుంటాయి. అంతకంటే విలువైన గుణం ఇంకోటి: కణాల మధ్య బిగుతుగా ఉండే టైట్ జంక్షన్లని కాసేపు వదులు చేస్తుంది. అంటే అంటించడమే కాదు, దారి కూడా ఇస్తుంది. పరిశోధకులు దీన్ని ఇంత ఇష్టపడటానికి కారణం ఇదే.

కానీ దాని పీకేఏ, అంటే సగం గుంపులకి చార్జ్ మారే పీహెచ్, 6.5 దగ్గర. పొట్ట దాటి చిన్న పేగు మధ్యకి వచ్చేసరికి చార్జ్ చాలావరకు పోతుంది, కరగడం మానేస్తుంది, పట్టూ పోతుంది. మొదట్లో చెప్పిన ఆ విద్యార్థిని పూసలు రాలిపోయింది అందుకే. కైటోసాన్‌ని ట్రైపాలీఫాస్ఫేట్ అనే లవణంతో కలిపి చేసే నానో కణాలదీ ఇదే ఇబ్బంది. పొట్ట ఆమ్లంలో విడిపోతాయి, పేగు పీహెచ్‌లో గుంపులు కట్టి పేరుకుంటాయి. చేయడం చాలా తేలిక కాబట్టి అందరూ వాటి మీదే పడతారు. పొట్టలో కరగని (ఎంటెరిక్) పూత లేకుండా ఈ కణాలని నోటి ఇన్సులిన్‌కి సిఫారసు చేయడానికి నాకు మనసొప్పదు.

ఈ లోపాన్ని దిద్దడానికి వచ్చిందే ట్రైమిథైల్ కైటోసాన్. అమైన్‌కి మూడు మిథైల్ గుంపులు తగిలిస్తే పాజిటివ్ చార్జ్ పీహెచ్‌తో పని లేకుండా నిలిచిపోతుంది. తటస్థ నీళ్లలోనూ కరుగుతుంది, జంక్షన్లనీ వదులు చేస్తుంది. ఇక్కడ ఒక బేరం ఉంది, గమనించండి. మిథైల్ గుంపులు పెంచేకొద్దీ దారి ఇచ్చే గుణం పెరుగుతుంది కానీ అంటుకునే గుణం మామూలు కైటోసాన్‌తో పోలిస్తే తగ్గుతూ వస్తుంది. కణాలకి విషమయ్యే ప్రమాదమూ పెరుగుతుంది. బాగా అంటుకోవాలని దీన్ని ఎంచుకుంటే నిరాశే. దారి కోసం ఎంచుకుంటే సరైన ఎంపిక. ఒక జాగ్రత్త: తయారీలో మిథైల్ అయోడైడ్ వాడాలి. అది విషం, ఇట్టే ఆవిరవుతుంది. మంచి ఫ్యూమ్ హుడ్ లేని ల్యాబ్‌లో ఈ పని మొదలుపెట్టొద్దు.

ఏ కైటోసాన్ కొన్నా సీసా మీద ఎంత శాతం డీఎసిటైలేషన్ అయిందో (కైటిన్ ఎంతవరకు కైటోసాన్‌గా మారిందో), స్నిగ్ధత ఎంతో చూడండి. ఈ రెండూ మారితే అది వేరే పదార్థం కిందే లెక్క. గత సీసాతో వచ్చిన ఫలితం ఈ సీసాతో రాకపోవడానికి సగం సార్లు కారణం ఇదే.

కార్బోమర్, పాలీకార్బోఫిల్

చిన్న పేగుకి నేను మొదట చూసేది వీటినే. రెండూ అడ్డంగా ముడివేసిన పాలీ అక్రిలిక్ ఆమ్లాలు. కార్బాక్సిల్ గుంపులతో మ్యూసిన్‌కి హైడ్రోజన్ బంధాలు వేస్తాయి. పీకేఏ 6 చుట్టుపక్కల. అది దాటాక నీళ్లు పీల్చి సబ్జా గింజల్లా ఉబ్బుతాయి. ఉబ్బినప్పుడు గొలుసులు విచ్చుకుని మ్యూకస్‌లోకి అల్లుకుంటాయి. అయితే నీళ్లు మరీ ఎక్కువ తాగితే కోసిన బెండకాయలా జారుడు పట్టి అదే పాలిమర్ ఊడిపోతుంది. అందుకే ఒక్క కార్బోమర్‌తో కాకుండా కొంచెం హెచ్‌పీఎంసీ (సెల్యులోజ్ నుంచి చేసే పాలిమర్) కలిపి ఉబ్బడాన్ని అదుపులో పెడతాం.

వీటి అసలు బలం ఎంజైమ్‌ల దగ్గర బయటపడుతుంది. ట్రిప్సిన్, కైమోట్రిప్సిన్ నిలకడగా ఉండాలంటే క్యాల్షియం కావాలి. కార్బాక్సీపెప్టిడేజ్‌లకి జింక్ కావాలి. ఈ పాలిమర్లు ఆ లోహాలని లాగేసుకుంటాయి. దాంతో తమ చుట్టుపక్కల ఎంజైమ్‌ల పని మందగిస్తుంది. క్యాల్షియం తగ్గితే టైట్ జంక్షన్లూ కొంత సడలుతాయి. ఒకే పదార్థం అంటుకుంటూ, ఎంజైమ్‌ని ఆపుతూ, కొంచెం దారి కూడా ఇస్తే ప్రొటీన్ మందుకి అంతకంటే ఏం కావాలి?

బలహీనత కూడా ఆ క్యాల్షియమే. పాలు, పెరుగు తిన్న పేగులో క్యాల్షియం దండిగా ఉంటుంది. దాన్ని పట్టుకుని పాలిమర్ ముడుచుకుపోతుంది, ఉబ్బడం తగ్గుతుంది. ఉత్త బఫర్‌లో వచ్చిన అద్భుతమైన అంకె భోజనం తర్వాత రాదు. మీ టెస్ట్ బఫర్‌లో క్యాల్షియం వేసి కూడా ఒకసారి చూడండి.

కొనేటప్పుడు గ్రేడ్ చూడాలి. కార్బోమర్ 934పి ని బెంజీన్‌లో చేస్తారు. 971పి, 974పి ఇథైల్ అసిటేట్‌లో. లోపలికి తీసుకునే మందుకి రెండో రకమే తీసుకోండి. జెల్ చేసేటప్పుడు పొడిని ఒక్కసారి నీళ్లలో గుమ్మరిస్తే రాగి జావలో పిండి ఉండకట్టినట్టు పైన జిగురు, లోపల పొడి పొడిగా ఉండలు కడుతుంది. ఎంత కలిపినా కరగదు. గిలకొట్టే నీళ్ల సుడిలోకి సన్నటి జల్లెడ గుండా కొంచెం కొంచెంగా చల్లి, నాననిచ్చి, అప్పుడు క్షారంతో తటస్థం చేయాలి. ఓపిక లేకపోతే ఈ ఒక్క చోటే రోజు పోతుంది.

ఆల్జినేట్, హెచ్‌పీఎంసీ, సీఎంసీ

ఇవి మంచి సహాయకులు, ముఖ్య పాత్రలు కావు. ఆల్జినేట్ ఆమ్లంలో ముడుచుకుని మందుని దాచి, పేగులో విప్పుకుంటుంది. చవక, ఆహారంలోనూ వాడతారు, ప్రొటీన్‌ని వేడి చేయకుండా క్యాల్షియం నీళ్లలో చుక్కలు వేస్తే పూసలు అయిపోతాయి. మందు ఆ నీళ్లలోకే కారిపోవడం దీని పెద్ద తలనొప్పి. ముఖ్యంగా ఇన్సులిన్ సైజు అణువులు సులువుగా జారుకుంటాయి. హెచ్‌పీఎంసీకి చార్జ్ లేదు, పట్టు తక్కువ, నమ్మకం ఎక్కువ. సీఎంసీ, ఇదీ సెల్యులోజ్ రకమే, ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది.

థయోమర్లు

1999లో ఆండ్రియాస్ బెర్న్‌కాప్-ష్నూర్ష్ బృందం ఆస్ట్రియాలో మొదలుపెట్టిన దారి ఇది. కైటోసాన్‌కో పాలీకార్బోఫిల్‌కో థయోల్ (గంధకం ఉన్న) గుంపులు తగిలిస్తే అవి మ్యూసిన్ సిస్టీన్‌లతో నిజమైన రసాయన బంధం వేసుకుంటాయి. పట్టులో మామూలు పాలిమర్లు వీటి దరిదాపులకి రావు. థయోల్ చురుకుదనం పీహెచ్‌తో పెరుగుతుంది కాబట్టి పొట్టలో కంటే పేగులో బాగా పనిచేస్తాయి.

ఇబ్బందులు కూడా ఆ చురుకుదనం వల్లే. గాలి తగిలితే థయోల్‌లు తమలో తామే ముడిపడి ఆక్సీకరణ చెందుతాయి. తయారీ అంతా ఆమ్ల పీహెచ్‌లో, చల్లగా, వెలుతురు తగలకుండా చేసుకోవాలి. ఫ్రీజ్ డ్రై చేసిన పొడిలో థయోల్ ఎంత మిగిలిందో ప్రతిసారీ ఎల్‌మన్ రీఏజెంట్‌తో కొలవాలి. వారం క్రితం కొలిచిన అంకెని నమ్మొద్దు. థయోల్‌ని ముందే మెర్కాప్టోనికోటినిక్ ఆమ్లంతో కప్పి ఉంచే రకాలు దీనికి కొంత విరుగుడు.

ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. మందులోనే డైసల్ఫైడ్ బంధం ఉంటే? ఇన్సులిన్‌లో మూడున్నాయి. సాల్మన్ క్యాల్సిటోనిన్ అనే హార్మోన్‌లో ఒకటి, ఆక్ట్రియోటైడ్‌లో ఒకటి. థయోల్ వాటినీ తాకి తెంపే ప్రమాదముంది. ఎక్సెనటైడ్ అనే పెప్టైడ్‌లో సిస్టీన్‌లే లేవు, కాబట్టి ఆ భయం లేదు. థయోమర్ తీసుకుంటానని పిల్లలు వచ్చినప్పుడు నేను మొదట మందు సీక్వెన్స్ రాసి చూపించమంటాను.

మందుని బట్టి జత కలపడం

ఇన్సులిన్ ఐసోఎలక్ట్రిక్ పాయింట్, అంటే మొత్తం చార్జ్ సున్నా అయ్యే పీహెచ్, సుమారు 5.3. పేగు పీహెచ్‌లో అది నెగటివ్. కాబట్టి ట్రైమిథైల్ కైటోసాన్ దాన్ని పట్టి ఉంచుతుంది, నెమ్మదిగా వదులుతుంది. కార్బోమర్ అయితే రెండూ నెగటివ్, ఒకదాన్నొకటి తోసుకుని మందు చప్పున బయటికొస్తుంది. చప్పున రావడం ఇక్కడ మంచిదే, మనకున్నది గంటా రెండు గంటలే కదా.

క్యాల్సిటోనిన్ దీనికి తిరగేసి ఉంటుంది. ఐసోఎలక్ట్రిక్ పాయింట్ 10 దాటుతుంది, పేగులో పాజిటివ్. కార్బోమర్‌తో కలిపితే గట్టిగా ముడిపడి బయటికి రాదు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ విపరీతమైన నెగటివ్, కైటోసాన్‌తో కలిపిన క్షణంలోనే తెల్లగా అవక్షేపం పడుతుంది. దానికి కార్బోమర్ లాంటి అక్రిలేట్లే సరి. ఇక లక్షన్నర డాల్టన్ల యాంటీబాడీలని రక్తంలోకి పంపడానికి ఈ పాలిమర్లని నమ్ముకోవద్దు. పేగు లోపలే పనిచేయాల్సిన మందు అయితే అది వేరే మాట, అప్పుడు జిగురుదే ప్రధాన పాత్ర అవుతుంది.

నానో కణాలు చేసేవాళ్లకి ఇంకో ప్రశ్న ఎదురవుతుంది: అంటుకోవాలా, జారిపోవాలా? అంటుకునే కణం మ్యూకస్ పైపొరలోనే చిక్కుకుని దానితోపాటే కొట్టుకుపోతుంది. జాన్స్ హాప్కిన్స్‌లో జస్టిన్ హేన్స్ బృందం 2007లో చూపించినట్టు, పొట్టి పీఈజీ (పాలీఇథిలీన్ గ్లైకాల్) గొలుసులు దట్టంగా కప్పిన కణాలు మ్యూకస్‌కి అంటుకోకుండా దాని వలలోంచి దూరిపోతాయి. నా ఉద్దేశం చెప్తాను. ట్యాబ్లెట్, మినీ ట్యాబ్లెట్, ప్యాచ్ అయితే అంటుకునే పాలిమర్. నానో కణమైతే జారేది. పెద్ద ట్యాబ్లెట్ మ్యూకస్‌లోంచి ఎలాగూ దూరలేదు, చిన్న కణానికి ఆ అవకాశం ఉన్నప్పుడు జిగురు రాసి చెడగొట్టడం దేనికి?

బుగ్గ లోపల అంటించే ఆలోచన ఉన్నవాళ్లకి పని కొంత సులువు. పెప్సిన్ లేదు, మందు ఊడితే చేత్తో తీసేయొచ్చు. నోటిపూతకి రాసే పేస్టు జెలటిన్, పెక్టిన్, సీఎంసీలతో ఎంత బాగా అతుక్కుంటుందో వాడినవాళ్లకి తెలుసు. పాలీకార్బోఫిల్, హెచ్‌పీఎంసీ కలిపి వెనక వైపు ఇథైల్ సెల్యులోజ్ పొర వేస్తే మందు లాలాజలంలోకి పోదు. కానీ అక్కడి పొర మందంగా ఉంటుంది, చోటూ తక్కువ. డోసు మైక్రోగ్రాముల్లో ఉన్న పెప్టైడ్‌కే అది సరిపోతుంది.

టెస్టులు మోసం చేసే చోట్లు

లాగే బలాన్ని కొలిచే టెక్స్చర్ ఎనలైజర్ మీద పొడి బిళ్లని పేగుకి నొక్కి లాగితే పెద్ద అంకె వస్తుంది. అందులో చాలా భాగం పొడి పాలిమర్ మ్యూకస్ నీటిని పీల్చుకోవడం వల్ల వచ్చిన పట్టు. శరీరంలో బిళ్ల పేగు గోడని తాకేసరికే తడిసి ఉంటుంది. ముందే తడిపి కొలవండి. కొన్న మ్యూసిన్ పొడి నీళ్లలో కలిపితే అసలు మ్యూకస్‌లా జెల్ కాదు, పోలికకి తప్ప ఎక్కువ నమ్మకండి. పేగు గోడకి బదులుగా ల్యాబ్‌లో పెంచే మామూలు కాకో-2 కణాల మీద మ్యూకస్సే ఉండదు, జిగురుని పరీక్షించాలంటే మ్యూకస్ ఊరించే హెచ్‌టీ29-ఎంటీఎక్స్ కణాలు కలిపి పెంచాలి. మేక పేగుని కుళాయి కింద రుద్ది రుద్ది కడగొద్దు, మీకు కావాల్సిన పొరే పోతుంది. చల్లటి సెలైన్ ఒక్కసారి మెల్లగా పోసి వదిలేయండి. పక్కనే ఇథైల్ సెల్యులోజ్ పూసలు కూడా పరచండి. అంటుకోని పదార్థం ఎంతసేపు నిలిచిందో తెలియకుండా మీ అంకెకి అర్థం లేదు.

నన్ను అడిగితే

ఏడాదిలో ముగించాల్సిన ఎం.ఫార్మసీ ప్రాజెక్టు, మందు ఇన్సులిన్ అయితే: పాలీకార్బోఫిల్ లేదా కార్బోమర్ 974పి, హెచ్‌పీఎంసీ కలిపి మినీ ట్యాబ్లెట్లు, అవి పీహెచ్ 5.5 దాటాక విడిపోయే యూడ్రాజిట్ పూత ఉన్న క్యాప్సూల్‌లో. సింథసిస్ పని లేదు, పదార్థాలన్నీ ఫార్మకోపియాలో ఉన్నవే. పీహెచ్‌డీ చేస్తూ చేతిలో మూడు నాలుగేళ్లు, మంచి సింథసిస్ ల్యాబ్ ఉంటే: సిస్టీన్ లేని పెప్టైడ్‌తో కప్పి ఉంచిన థయోమర్ తీసుకోవచ్చు, చెప్పడానికి కొత్త సంగతి ఉంటుంది. గోడ దాటడమే మీ మందుకి అసలు సమస్య అని ముందే తేలితే ట్రైమిథైల్ కైటోసాన్, మధ్యస్థంగా మిథైల్ చేసింది. మామూలు కైటోసాన్ పొట్టలోనో, పేగు మొదట్లోనో, ముక్కులోనో పనికొస్తుంది. అక్కడ వాడండి.

ఆ విద్యార్థిని చివరికి పూసలు వదిలేసి పాలీకార్బోఫిల్ మినీ ట్యాబ్లెట్లకి మారింది. పీహెచ్ 6.8లో అవి రెండు గంటలు నిలిచాయి. తర్వాత బఫర్‌లో క్యాల్షియం క్లోరైడ్ వేసి మళ్లీ ఊపాం, నలభై నిమిషాలకే రాలడం మొదలైంది. "ఇది కూడా రాయాలా మేడమ్?" అని టెన్షన్ పడింది. రాయమన్నాను. రెండు అంకెలూ ఒకే టేబుల్‌లో, పక్కపక్కనే వేసింది.